చర్చిల్ పసందు

చిత్తూరు సంతపేటలో మునిరత్నం నాయుడి వసారాలో సాయంత్రం కాగానే రెండు పేము కుర్చీలు పడేవి. ఒకటి నాయుడిది, రెండోది జయరావుది. ఇద్దరికీ యాభై దాటాయి. నాయుడికి బంగారుపాళ్యంలో మామిడితోటలున్నాయి. జస్టిస్ పార్టీ మనిషి. జిల్లా బోర్డు ఎన్నికల్లో ఒక కాంగ్రెసాయన చేతిలో ఓడిపోయిన నాటి నుంచి ఇంట్లోకి ఖద్దరు తువ్వాలు కూడా రానివ్వలేదు. జయరావు క్రైస్తవుడు, మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. వెనకటి యుద్ధంలో గాయపడిన సిపాయిలకు కట్లు కట్టడానికి ఫ్రాన్సు దేశం పోయివచ్చాడు. సర్కారు ఇచ్చిన పతకం ఇప్పటికీ పెట్టెలో భద్రంగా ఉంది.

కులం వేరైనా, మతం వేరైనా, లోకం గురించి ఇద్దరిదీ ఒకటే మాట. రాజుగారు మంచివాడు. కాంగ్రెసువాళ్ళు తొందరపాటు మనుషులు. ఆడపిల్లలకు చదువు కావాలి గాని సైకిలు అక్కర్లేదు. కాఫీలో పాలెక్కువైతే అది కాఫీ కాదు. ఇన్నింటిలో ఏకాభిప్రాయం ఉన్న ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి ఇంకేముంటుందని వాళ్ళ భార్యలు నవ్వుకునేవాళ్ళు. అయినా దీపాలు పెట్టేదాకా మాటలు తెగేవి కావు.

మద్రాసు నుంచి ఇంగ్లీషు పేపరు సాయంత్రం బండికి వచ్చేది. నాయుడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. జయరావు చదివి తెలుగులో చెబితే, నాయుడు తలూపుతూ వినేవాడు. 1940 జూలై మొదటి వారంలో ఒక సాయంత్రం జయరావు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాడు.

"ఏమప్పా, అచ్చు మాసిపోయిందా?" అన్నాడు నాయుడు.

జయరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లేదు నాయుడూ. ఇంగ్లీషోళ్ళు ఫ్రెంచోళ్ళ ఓడల్ని కాల్చినారు."

"ఫ్రెంచోళ్ళ ఓడల్నా? జర్మనీవోళ్ళవి అయుంటాయి, సరిగ్గా సూడు."

"సరిగ్గానే సూసినా."

సంగతి ఇదీ. రెండు వారాల కిందట ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. దాని యుద్ధనౌకలు కొన్ని ఆఫ్రికా ఒడ్డున ఒరాన్ అనే రేవులో ఉన్నాయి. అవి హిట్లరు చేతిలో పడితే తమ కొంప మునుగుతుందని ఇంగ్లండు ప్రధాని చర్చిల్ తన నౌకల్ని పంపాడు. మాతో రండి, లేదా దూరదేశం పొండి, లేదా మీ ఓడల్ని మీరే ముంచుకోండి అని గడువు పెట్టాడు. గడువు దాటగానే ఫిరంగులు పేలాయి. నిన్నమొన్నటిదాకా పక్కన నిలబడి పోరాడిన ఫ్రెంచి నావికులు వెయ్యిమందికి పైగా పోయి ఉంటారని అనుకుంటున్నారు.

నాయుడు తొడ మీద చరిచాడు. "సెబాస్! మొగోడంటే అట్లుండాల. ఈయనకు ముందర ప్రధానిగా ఉన్నాయన సూడు, గొడుగు పట్టుకోని హిట్లరు ఇంటికి పోయి బతిమాలి వచ్చినాడు. ఈయప్ప అట్ల కాదు."

"హిట్లర్ని కొడితే నేనూ సెబాస్ అంటా. ఈళ్ళు మనోళ్ళు గదప్పా."

"మనోళ్ళే. రేపు వాళ్ళ ఓడలు ఎదుటోడి చేతికి పోతే?"

"జర్మనీవోళ్ళకు ఇయ్యబోమని మాటిచ్చినారంట గదా."

"మాట! మాట నమ్ముకోని ఎవురన్నా రాజ్జెం ఏల్తారా? గడువు గూడా ఇచ్చినాడు."

"గడువు అప్పులోడికి ఇస్తారు నాయుడూ. సావాసగానికి ఇస్తారా?"

నాయుడు నవ్వాడు. జయరావు నవ్వలేదు. ఇంతకుముందు ఎన్నడూ చెప్పని మాట ఒకటి అప్పుడు చెప్పాడు. ఫ్రాన్సులో మార్సేల్స్ రేవు దగ్గర వాళ్ళ ఆసుపత్రి గుడ్డలు ఉతకడానికి ఒర్తాన్స్ అనే ఆమె వచ్చేది. మన సిపాయిల నెత్తురు గుడ్డలన్నీ ఆమే ఉతికింది. జయరావుకు చలిజ్వరం వచ్చి మూలుగుతుంటే ఇంటి నుంచి వేడి చారు తెచ్చి తాగించింది. ఆమె వెంట ఒక పిల్లవాడు వచ్చేవాడు. పెద్దయ్యాక ఓడ ఎక్కుతానని గంతులు వేసేవాడు.

"ఆ పిల్లోడు ఆ ఓడలో ఉన్నాడో ఏమో" అన్నాడు జయరావు.

నాయుడు ఆ మాటకు ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ జరిగేది కాదు. కానీ ఆయన వాదంలో మంచి ఊపు మీదున్నాడు. "ఎప్పుడో ఒక సాకలామె నీకు సారు పోసిందని సామ్రాజ్జెం మునిగిపోవాల్నా?" అనేశాడు.

జయరావు పేపరు మడిచి కుర్చీలో పెట్టాడు. తలుపు దగ్గర కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్న నాయుడి భార్య చంద్రకాంతమ్మ వైపు చూసి, "ఈ పొద్దు కాఫీ వొద్దమ్మా" అని మెట్లు దిగాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"నాయుడూ, ఇంకో మాట. మన పండుకు ఆ పేరు వొద్దు."

పండు సంగతి కొంచెం చెప్పాలి. జయరావు పెరట్లో ఒకప్పుడు ఒక మామిడిచెట్టు ఉండేది. తక్కిన కాయలన్నీ అయిపోయాక, జూలై నెల చివర్లో పండేది. పీచు లేదు, తేనెలాంటి తీపి, కోస్తే గది నిండా వాసన. నాయుడు తోట నుంచి కుండీలో ఒక మొక్క తెచ్చాడు. జయరావు తన చెట్టు కొమ్మను తన చేత్తో దానికి అంటు కట్టాడు. కట్లు కట్టడం ఆయనకు అలవాటైన పనే. ఆ అంటుమొక్కను బంగారుపాళ్యం తోటలో బావి పక్కన నాటారు. తర్వాత వచ్చిన గాలివానకు పెరట్లోని తల్లిచెట్టు కూలిపోయింది. ఆ జాతికి మిగిలింది తోటలోని చెట్టు ఒక్కటే. ఆ ఏడాది అది మొదటిసారి బాగా కాసింది.

అదే నెలలో చిత్తూరు క్లబ్బువాళ్ళు యుద్ధనిధి కోసం మామిడిపండ్ల ప్రదర్శన పెట్టదలిచారు. కలెక్టరు దొర, దొరసాని వస్తారు. కొత్త పండును అక్కడ పెట్టి, కొత్తగా గద్దెనెక్కిన ప్రధాని పేరు దానికి పెట్టాలని నాయుడి ఆలోచన. 'చర్చిల్ పసందు' అన్నాడు. జూన్‌లో జయరావు కూడా బాగుందనే అన్నాడు. పెయింటరు కుప్పుస్వామి ఆ పేరును ఎర్ర అక్షరాలతో పలక మీద రాసి, పక్కన అడక్కుండానే ఒక చుట్ట బొమ్మ కూడా వేసి ఇచ్చాడు.

"పలక గూడా రాసేసినారు. ఇప్పుడు వొద్దంటే ఎట్లప్పా?" అన్నాడు నాయుడు.

"నేను కట్టిన అంటు అది. ఆ పేరుతో అది ప్రదర్శనకు పోకూడదు."

"మాను నా భూమిలో ఉండాది."

"అయితే నా కొమ్మ నాకిచ్చెయ్" అన్నాడు జయరావు. ఆ మాట ఎంత అర్థం లేనిదో ఆయనకే తెలిసింది. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడానికి మనసొప్పక, గబగబా ఇంటికి నడిచాడు.

ఇంట్లో భార్య జ్ఞానాంబ జరిగిందంతా విని, బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"ఎవురు ఆ సాకలామె?"

"ముసలామె లే."

"ఇప్పుడు ముసలామె. అప్పుడో?"

జయరావు బిత్తరపోయాడు. "అప్పుడూ నాకంటే పెద్దదే. కొడుకుండాడని సెప్పినా గదా."

"ఇన్నేండ్ల కాపరంలో ఆ యుద్ధం గురించి ఎన్ని సార్లు సెప్పినావో. గుర్రాల పేర్లతో సహా సెప్పినావు. ఆమె పేరు మాత్రం ఎన్నడూ సెప్పలా."

"సెప్పేంత ఏముందని."

"ఏమీ లేకుంటే నాయుడన్నతో తగాదా ఎందుకు పెట్టుకున్నావు?" అంది. కాసేపు ఆయన ముఖం చూసి, గొంతు తగ్గించి, "ఆ పిల్లోడు బాగుండాలని నేనూ ప్రార్థన సేస్తా లే. అన్నం తిను" అంది.

మర్నాడు పొద్దున్నే జయరావు బంగారుపాళ్యం బస్సెక్కాడు. రాత్రంతా ఆలోచించి ఆయన తేల్చుకున్నది ఒక్కటే. పేరు సంగతి ఎలా ఉన్నా, కాయలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోవాలి. తోటకాపరి పెంచలయ్య చూస్తుండగా చెట్టు చుట్టూ తిరిగాడు. అందిన కాయనల్లా మెల్లగా ఒత్తి చూశాడు. తొడిమ దగ్గర వాసన చూశాడు.

"పెంచలయ్యా, ఇంకా పాలు కారతా ఉండాయి. ఇంకో పదైదు దినాలన్నా కొయ్యొద్దని నాయుడికి సెప్పు. ముందుగా కోస్తే చెడిపోతాయి" అని చెప్పి, వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాడు.

పెంచలయ్య ఆ మాటను పొల్లుపోకుండా నాయుడికి చేరవేశాడు. నాయుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆయప్ప తోటకు వచ్చినాడా?"

"వచ్చినాడు. మాను సుట్టూ తిరిగినాడు."

"పదైదు దినాలు కొయ్యొద్దన్నాడా? ప్రదర్శన పది దినాల్లో ఉండాది!" నాయుడికి అంతా స్పష్టంగా అర్థమైనట్టు అనిపించింది. "సూసినావా ఎత్తు! నేను కొయ్యకుండా కూచుంటే ప్రదర్శన దాటిపోతుంది. లేకుంటే ఈలోపల మనుషుల్ని పెట్టి ఆయప్పే కోయించుకోని పోతాడు."

వంటింట్లోంచి చంద్రకాంతమ్మ కేకేసింది. "జయరావన్న మామిడికాయలు దొంగిలిస్తాడా? నీకు మతి పోయిందా?"

"నీకు తెలవదు. రాజకీయం ఇది."

ఆ సాయంత్రమే నాయుడు తోటకు పోయి, దగ్గరుండి చెట్టంతా కోయించాడు. కర్రకు చిక్కం కట్టి అందినంత వరకు లాగించాడు. కాయల్ని గోతాల్లో ఇంటికి తెచ్చి, ఒక గదిలో వరిగడ్డి పరిచి మాగవేసి, గదికి తాళం పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పగలు మూడు నాలుగు సార్లు తాళం తీసి చూసుకునేవాడు. కాయలు పచ్చగా ఉన్నప్పుడు ముఖం ముడుచుకునేది. పసుపు తిరిగినప్పుడు విచ్చుకునేది. కొన్ని ముడతలు పడ్డాయి. వాటిని వెనక్కి తోశాడు.

వసారాలో ఇప్పుడు ఒకే కుర్చీ పడుతోంది. పేపరు వస్తోంది గాని చదివి చెప్పేవాళ్ళు లేరు. నాయుడు దాన్ని పట్టుకుని బొమ్మలు చూసి, కాఫీ తాగి, వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. అక్కడ జయరావు కూడా సాయంత్రం కాగానే అలవాటుగా చెప్పులు తొడుక్కుని, వాకిట్లోకి వచ్చి, మళ్ళీ విప్పేవాడు. ఇద్దరి భార్యలు మాత్రం పెరటి సందులో రోజూ కలుసుకుంటూనే ఉన్నారు. ఇటు పులుసు అటు, అటు పచ్చడి ఇటు ఎప్పటిలాగే నడిచాయి.

"మా ఇంట్లో అది గది కాదు వదినా, ఖజానా" అంది చంద్రకాంతమ్మ.

"మా ఇంట్లో అది మగమనిషి కాదు వదినా, మూలవిరాట్టు. కదలడు, పలకడు" అంది జ్ఞానాంబ.

"ప్రదర్శనకు ఎట్లన్నా అన్నను తీసుకోని రా."

"పతకం పెట్టుకోని రమ్మని క్లబ్బోళ్ళు కబురంపినారులే. రాకుంటే సర్కారుకు కోపమొస్తుందని సెప్తా."

ప్రదర్శన రోజు క్లబ్బు హాలు కిక్కిరిసింది. పొడవాటి బల్లల మీద నీలాలు, తోతాపురి, మల్గోవాలు పళ్ళేల్లో పేర్చి ఉన్నాయి. మధ్యలో వేరే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద నాయుడి పండ్లు, వెనక ఎర్ర అక్షరాల పలక. నాయుడు జరీ తలపాగా చుట్టి, మూడు రోజుల ముందే ఇస్త్రీ చేయించిన కోటు తొడిగి నిలబడ్డాడు. హాలు చివర జయరావు, పతకం తగిలించుకుని, పలక వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆయన పక్కన జ్ఞానాంబ ఉంది.

కలెక్టరు దొర నలుగురితో చేతులు కలిపి, నాలుగు మంచి మాటలు మాట్లాడాడు. దొరసాని పలక చదివి ముచ్చటపడింది. నాయుడు స్వయంగా పండు కోసి, తళతళలాడే పళ్ళెంలో ముక్కలు పెట్టి ఇద్దరికీ అందించాడు. దొరసాని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

ఆమె ఎడమకన్ను మూసుకుపోయింది. తర్వాత కుడికన్ను. భుజాలు పైకి లేచాయి. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి ఎలాగో మింగింది. దొర అప్పటికే సగం ముక్క కొరికి దగ్గడం మొదలుపెట్టాడు. పులుపు ఆయన మీసాల దాకా పోయినట్టు ముఖమంతా ఎర్రబడింది.

అంతలో వెనక వరుసలో ఉన్న ప్లీడరు గంగాధరం, ఆ హాలంతటికీ ఒక్కగానొక్క ఖద్దరు చొక్కా, బిగ్గరగా అన్నాడు. "పేరుకు తగ్గ పండే!"

హాలంతా గొల్లుమంది. దొర నవ్వలేదు. జేబురుమాలుతో నోరు తుడుచుకుని, పలకను చూసి, నాయుణ్ణి చూసి, ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ప్రధానమంత్రి పేరు ఇలాంటి పండుకు పెట్టింది ఎవరు, ఇది వేళాకోళమా అని ఆయన ప్రశ్న. నాయుడికి అర్థమైంది 'పేరు' ఒక్కటే. ఛాతీ విరుచుకుని, వచ్చిన ఇంగ్లీషులో, పెట్టింది నేనే సార్, చాలా తీపి సార్ అన్నాడు. దొర ముఖం ఇంకా ఎర్రబడింది. మూలనున్న పోలీసు ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. జీవితమంతా సర్కారుకు జై కొట్టిన మునిరత్నం నాయుడు, సర్కారును ఎగతాళి చేసినవాడిగా ఊరందరి ముందర నిలబడ్డాడు.

జ్ఞానాంబ మోచేత్తో పొడిచింది. ఆ అవసరం లేకుండానే జయరావు అప్పటికే లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, పాత సిపాయిలాగా సలాము కొట్టాడు. దొర చూపు పతకం మీద పడింది.

"అయ్యా, ఇందులో వేళాకోళం లేదు" అన్నాడు జయరావు ఇంగ్లీషులో. "ఈయన కాంగ్రెసు మనిషి కాడు. కాంగ్రెసాయన చేతిలో ఓడిపోయిన రోజు ఈయన అన్నం తినలేదు. పండు కూడా మంచిదే. కాలం రాకముందే కోశారు. అందుకే పుల్లగా ఉంది."

"ఎందుకు కోశారు?" అన్నాడు దొర.

జయరావు నాయుడి వైపు చూశాడు. నాయుడి కళ్ళు ఆయన నోటినే పట్టుకుని ఉన్నాయి. ఏదో ఒక సాకు చెప్పి బయటపడవచ్చు. కానీ పతకం పెట్టుకుని అబద్ధం చెప్పడం జయరావుకు చేతకాలేదు.

"ఒరాన్ రేవు సంగతి మీద మేమిద్దరం పోట్లాడుకున్నాం. ప్రధాని చేసింది ఒప్పని ఈయన, తప్పని నేను. ఆ కోపంలో కాయలు నేను పట్టుకుపోతానేమోనని భయపడ్డాడు. అందుకే తొందరపడి కోశాడు."

ఇంగ్లీషు వచ్చిన నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంగాధరం నవ్వు కూడా ఆగిపోయింది.

"తప్పని అన్నావా?" అన్నాడు దొర మెల్లగా.

"అన్నాను. మార్సేల్స్‌లో మన సిపాయిల నెత్తురు గుడ్డలు ఉతికినవాళ్ళు వాళ్ళు. మాట ఇచ్చిన స్నేహితుణ్ణి నమ్మకుండా కాల్చడం నాకు మింగుడు పడలేదు. రాజుగారు అడిగినా ఇదే చెప్తాను. చెప్పి, ఆయనకు సలాము కొడతాను."

అప్పుడు దొరసాని నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక. వారం రోజులుగా తమ ఇంట్లో కూడా పొద్దున కాఫీ దగ్గర ఇదే యుద్ధం నడుస్తోందని, తన తమ్ముడు నౌకల్లోనే పనిచేస్తున్నాడని, మొన్నటిదాకా ఫ్రెంచి నావికులతో కలిసి భోంచేసినవాడు వాళ్ళ మీదే ఫిరంగి ఎలా ఎక్కుపెడతాడని తాను అడుగుతున్నానని చెప్పింది. భర్త వైపు వేలు చూపించి, "ఈయన మీ స్నేహితుడి పక్షం. నేను మీ పక్షం. మా ఇంట్లో మామిడిచెట్టు లేదు, అదృష్టం" అంది.

దొర మీసాల కింద నవ్వు దాగలేదు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ తన మూలకు పోయాడు.

నాయుడు జయరావు చెయ్యి గిల్లాడు. "ఏమంటా ఉండారప్పా?"

"నీ పండు శానా బాగుందంట."

"అబద్ధం సెప్పొద్దు. ఆ మొగమాలు నేను సూడలేదా?"

జయరావు అప్పుడు జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. తాను దొర ముందర అన్న మాటలు కూడా చెప్పాడు. నాయుడు విని, తలపాగా తీసి, బట్టతల తుడుచుకున్నాడు. ఇంతమంది ముందర తనకోసం లేచిన మనిషి, ఇంతమంది ముందరే తన వాదాన్ని కాదన్నాడు. దేనికి సంతోషించాలో దేనికి కోపం తెచ్చుకోవాలో ఆయనకు తెలియలేదు.

"పదైదు దినాలు కొయ్యొద్దని నువ్వు సెప్పింది నిజంగానేనా?" అన్నాడు చివరికి.

"కాయను ఒత్తి సూసి సెప్పినా. కుట్ర సెయ్యడానికి నాకు చర్చిల్ అంత తెలివి యాడుండాది?"

"నీ మాట నేను నమ్మలా జయరావప్పా."

"నమ్మలా. సరే."

"ఆ సాకలామె గురించి నేనన్న మాట…" అని నాయుడు ఆగాడు. క్షమాపణ అడగడం ఆయనకు ఇంగ్లీషు కంటే కష్టం. పలకను తీసి, బోర్లించి బల్ల కింద పెట్టాడు. "దొరసానమ్మతో సెప్పు. కొన కొమ్మల్లో అందక నాలుగైదు కాయలు మిగిలుండాయి. అవి మాను మీదనే పండనిచ్చి పంపిస్తానని సెప్పు."

జయరావు చెప్పాడు. ఈసారి తర్జుమాలో ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

జూలై నెల చివర్లో ఇద్దరూ కలిసి బంగారుపాళ్యం బస్సెక్కారు. బస్సు ఊరు దాటకముందే నాయుడు మొదలుపెట్టాడు.

"ఏమన్నా అనప్పా, చర్చిల్ సేసింది ఒప్పే. అది సేసినంక అమెరికావోళ్ళు గూడా, ఈడు లొంగే రకం కాదని తెలుసుకోని ఉంటారు."

"నిన్ను సూసి నేనూ అట్లనే తెలుసుకున్నా. అయినా తప్పు తప్పే."

ముందు సీట్లో కోడిగంపతో కూర్చున్న సుబ్బులమ్మ అనే ఆమె ఎవరి గొడవని అడిగింది. కండక్టరు తనకు తెలిసినంత చెప్పాడు. బస్సు రెండు పక్షాలైంది. ఎడమవైపు సీట్లన్నీ కాల్చడమే సరి అన్నాయి. కుడివైపు సీట్లు అన్యాయమన్నాయి. అదే బస్సులో పలమనేరు కోర్టు పనికి పోతున్న ప్లీడరు గంగాధరం వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా పెద్దలూ, ఇద్దరూ మన దేశానికి దొంగలే. దొంగా దొంగా కొట్టుకుంటే మీరెందుకు ఏడ్సేది?"

నాయుడు, జయరావు ఒకేసారి వెనక్కి తిరిగారు.

"నీకేం తెలుసు నాయనా రాజ్జెం అంటే?" అన్నాడు నాయుడు.

"ముందు నీ ఖద్దరు ఉతికించుకో. తర్వాత మాట్లాడు" అన్నాడు జయరావు.

"క్లబ్బులో అందర్నీ నవ్వించింది నువ్వే గదా! మరిచిపోతామనుకున్నావా?" అన్నాడు నాయుడు మళ్ళీ.

బంగారుపాళ్యం వచ్చేదాకా ఇద్దరూ వంతులు వేసుకుని గంగాధరాన్ని వాయించారు. ఆయన నవ్వుతూనే పడ్డాడు. వాళ్ళిద్దరూ దిగేటప్పుడు, "మీ ఇద్దర్నీ కలిపిన పుణ్యం కాంగ్రెసుకే దక్కాల" అని కేక వేశాడు.

తోటలో పెంచలయ్య చెట్టెక్కి, కొన కొమ్మ వంచి, ఒక్కొక్క పండునూ తువ్వాలులో పట్టి దించాడు. మొత్తం ఐదు. ఎండకు ఒకవైపు ఎర్రబారి, తొడిమ దగ్గర నుంచి వాసన కొడుతున్నాయి. బావి గట్టు మీద కూర్చుని నాయుడు ఒక పండు కోశాడు. మొదటి ముక్క జయరావు చేతిలో పెట్టాడు. రసం మణికట్టు దాకా కారింది. పెంచలయ్యకూ ఒక ముక్క ఇచ్చారు.

"ఇదా నేను చెడగొట్టుకున్న పండు" అన్నాడు నాయుడు టెంక చీకుతూ.

"వచ్చే యేడు మళ్ళా కాస్తుంది లే."

"పేరేం పెడదామంటావు? నువ్వు సెప్పినదే పెడదాం. ఆ సాకలామె పేరన్నా సరే."

జయరావు తల అడ్డంగా ఊపాడు. "వొద్దప్పా. ఆమె పేరు నీ నోట్లో పడితే ఆమెకే గుర్తు పట్టడం కష్టం."

నాయుడు రెండు మూడు సార్లు పలికి చూశాడు. ఒకసారి అర్తనాసి అని, ఇంకోసారి ఓరి తనిసి అని వచ్చింది. జయరావు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మూడోసారికి నాయుడే ఆ ప్రయత్నం మానుకుని, "పోనీ, నీకు సారు పోసిందే, ఆ సారులో ఏమేమి ఏసిందో సెప్పు" అన్నాడు. జయరావు చెప్పాడు. ఉల్లిగడ్డలు, రొట్టె ముక్కలు, మిరియాలు రవ్వంత. పిల్లవాడు ఆ గిన్నెను రెండు చేతుల్లో పట్టుకుని, ఒక్క చుక్క కూడా ఒలకకుండా మెట్లెక్కి వచ్చేవాడని చెప్పాడు. నాయుడు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

మిగిలిన నాలుగు పండ్లలో రెండు ఇళ్ళకని పక్కన పెట్టారు. తక్కిన రెండింటినీ ఆకుల్లో చుట్టి చిన్న బుట్టలో సర్దారు.

"ఇవి దొరసానమ్మకు" అన్నాడు జయరావు.

"దొరకు. ఆయప్ప నా పక్షం."

"మాటిచ్చింది దొరసానమ్మకు గదా."

"ఎర్రబడిన మొగం దొరది. ఆయనకే ముందు తీపి సేయాల."

ఇద్దరూ బుట్టకు చెరో వైపు చెయ్యి వేసి గట్టిగా వాదించుకుంటుంటే, పెంచలయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు.

"స్వామీ, వాళ్ళిద్దరూ ఉండేది ఒక్కింట్లోనే గదా?" అన్నాడు.

బస్సు హారను రోడ్డు మీద మోగింది. ఇద్దరూ బుట్టను ఇద్దరి మధ్యనా పట్టుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పరుగెత్తారు.